పెద్దగుంతలో పిలుపు

పిలుపు లేకుండా వత్తి అంటించారు. అంకన్న చచ్చిపోయాడు. ఆ ఎండాకాలం మా ఇంటికి పట్టిందంతా ఆ రెండు ముక్కల్లోంచే పుట్టింది.

పిలుపంటే ఏమిటో పలకల గని ఎరగనివాళ్ళకు చెప్పాలి. మార్కాపురం చుట్టూ నేల కింద నల్లరాయి పొరలు పొరలుగా ఉంటుంది. మగవాళ్ళు రాయిలో బెజ్జం తొలిచి, మందు దట్టించి, వత్తి పెట్టి పేలుస్తారు. పగిలిన బండను మేం ఆడవాళ్ళం ఉలితో పొరలు విప్పుతాం. మీ పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలక అదే. పేల్చే ముందు మందు కోటయ్య గట్టు మీద నిలబడి గుంతలో పనిచేసే ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచిన మనిషి గుంత బయటి నుంచి "ఉన్నా" అనాలి. ఒక్క గొంతు పలక్కపోయినా వత్తి అంటించడు. వాళ్ళ తాత కాలం నుంచీ అంతే. ఏ దొరా రాసిన చట్టం కాదు. మా ప్రాణాలకు మేం వేసుకున్న కంచె.

ఆ ఏడు గుత్తేదారు కొత్త మేస్త్రీని పెట్టాడు. "మీ పేరంటం పిలుపులు అయ్యేలోపు బండెడు రాయి పోతాంది నాకు" అని వాడు కోటయ్య చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని తనే అంటించాడు. మా తోటి కూలి అంకన్న మరిచిపోయిన ఉలి కోసం వెనక్కి గుంతలోకి దిగి ఉన్నాడు. తర్వాత అంకన్నను నేనే పైకి తెచ్చాను. గంపలో తెచ్చాను.

మనిషిని గంపలో మోసుకొచ్చాక ఇంక మాటలేముంటాయి. ఉలులూ సుత్తులూ గట్టు మీద కుప్పపోశాం. మేస్త్రీని గోచీతో మార్కాపురం దాకా తరిమాం. దారిలో వాడి చెవి ఒకటి ఎవరి చేతికో ఊడి వచ్చింది. దానికి నేను ఇవాళ్టికీ ఏడవను.

"పిలుపు మళ్ళీ పెడతానని గుత్తేదారు అందరి ముందూ చెప్పాల. అప్పుడే ఉలి పట్టుకునేది" అని నేను చెప్పాను. నా పేరు మగ్దలీనమ్మ. బడి మొహం చూడలేదు, రద్దులో పడేసిన పలక ముక్కల మీద నా అంతట నేనే అక్షరాలు గీసుకున్నాను. గుంతలో మాట చెల్లేది నాదే. బొంబాయిలో ఓడల సిపాయిలు తెల్లదొరల మీద తిరగబడిన ఏడాది అది. మాకూ ఒంట్లో ఆ వేడి ఉంది.

సమ్మె ముదిరాక నా తమ్ముడు ఏబేలు సెలవు మీద దిగాడు. వాడు విమానం నడిపేవాడు. నమ్మబుద్ధి కాదని తెలుసు. మా మాదిగపల్లెలో పుట్టినవాణ్ణి మిషను దొరసాని పట్టుపట్టి గుంటూరు కాలేజీ దాకా చదివించింది. అంతలో యుద్ధం వచ్చింది. మనుషులు కరువైతే సర్కారు కులం అడగడం కాస్త మరిచిపోతుంది. బర్మా అడవుల మీద జపానువాళ్ళతో కొట్లాడాడు. అది అయిపోయాక వాళ్ళ దళాన్ని పఠానుల కొండలకు పంపారు.

వాణ్ణి మార్కాపురం రోడ్డు స్టేషను నుంచి వహాబన్న తన లారీలో తెచ్చాడు. పెట్రోలు దొరకని రోజులు. లారీ పక్కన పీపాలాంటి పొయ్యి ఒకటి బిగించి ఉండేది. అందులో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. బొగ్గు నిమ్మకాయంత ముక్కలైతే తప్ప ఆ పొయ్యి ఒప్పుకోదు. ముక్కలు కొట్టే పని వహాబన్న భార్య జులేఖాది. ఎప్పుడు చూసినా వాకిట్లో బండ ముందు కూర్చుని సుత్తితో బొగ్గు కొడుతూ ఉండేది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు.

"మీ తమ్ముణ్ణి దించినా మగ్దమ్మా," అన్నాడు వహాబన్న, వాళ్ళ వాకిటి ముందు బండి ఆపి. "దోర్నాల మలుపు కాడ బండి ఆగితే దిగి తోసినాడు. గాల్లో ఎగిరేటోడు తోసిన బండి ఈ తాలూకాలో నాదొక్కటే."

జులేఖా సుత్తి ఆపి అడిగింది. "నీ ఇమానం ఆగిపోతే ఎవురు తోస్తారు ఏబేలూ?"

"దేవుడే వదినా."

"మీ దేవుడా, మా దేవుడా?"

"ఆ టయానికి ఎవురు దగ్గరుంటే వాళ్ళు."

ఆమె నవ్వుతూ మళ్ళీ సుత్తి ఎత్తింది. వాడు కూర్చుని, ఆమె కొట్టిన ముక్కలు గంపలోకి ఎత్తిపోశాడు. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే తిని తిరిగినవాడు.

ఇంటికొచ్చి జొన్నసంకటి తింటూ ఆ కబురు చెప్పాడు.

"అక్కా, ఇమానాల దళం ఒదిలేస్తన్నా. తోపుల దళానికి, ఫిరంగులోళ్ళ కాడికి మారతన్నా."

"తుపాకి మారిస్తే చెయ్యి మారుద్దా?"

"అక్కడ బాంబులుండవు. చిన్న ఇమానం. దాంట్లో తుపాకి కూడా ఉండదు. పైన తిరుగుతా చూడాల, యాడ ఏముందో కింద తోపులోళ్ళకి చెప్పాల. అంతే పని. బాగా ఎగిరి చెయ్యి తిరిగినోళ్ళే కావాలంటన్నారు. నన్ను రమ్మన్నారు. ఎండలు పోయేలోపు దేవలాలీలో వాళ్ళ దండు కాడికి పోయి డాక్టర్లకి ఒళ్ళు చూపిచ్చుకుంటే అయిపోయినట్టే."

"చూసి చెప్పేదా? మా గుంతలో అట్లాంటోణ్ణి మేస్త్రీ కుక్క అంటాం."

వాడు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. పళ్ళెంలోనే పిసుకుతూ చెప్పాడు. "ముందు కాగితాలు ఏస్తామక్కా. ఊరొదిలి పొండి, పలానా రోజు బాంబులేస్తాం అని. తర్వాత పోయి ఏస్తాం. ఆడ మిద్దెల మీద పచ్చగా పండ్లు ఎండబోసుకుంటారు. ఊరొదిలి పోయేటోళ్ళు పండ్లు ఎత్తుకోకుండా పోతారా? ఆరోజు ఏ మిద్దె చూసినా పచ్చగానే ఉండాది."

"ఉన్నారని తెలిసే ఏసినావా?"

"పైనుంచి మిద్దెలే కనపడతాయి. మిద్దె కింద ఎవురుండేది కనపడదు."

"మరి రేపు నువ్వు చూసి చెప్తావు, కిందోడు తోపు పేలుస్తాడు. అప్పుడో?"

"అది వాడు పేల్చేది."

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. వాడు పళ్ళెం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు. వాడికి ఆ దళం మార్పు ఉద్యోగం కాదు, కడుక్కోడానికి నీళ్ళు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా నవ్వాను.

గుత్తేదారు బేస్తవారిపేట వైపు నుంచి కరువు కూలీలను తెస్తానన్నాడు. తేవడానికి లారీ కావాలి. వహాబన్నను అడిగాడు. వహాబన్న ఆ పూటే లారీ ముందు చక్రాలు ఊడదీసి బావిలో పడేశాడు.

"తోడుకోమను," అన్నాడు నాతో. "చాంతాడు కూడా నేనే ఇస్తా."

లారీ లేకపోయేసరికి గుత్తేదారు రిజర్వు పోలీసులను పిలిపించాడు. బండ్ల మీద కూలీలు, బండ్ల ముందు లాఠీలు. మేం ఆడవాళ్ళం గుంతకు పోయే బండిదారికి అడ్డంగా పడుకున్నాం. మగవాళ్ళు మా వెనక నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు లేవమన్నాడు. లేవలేదు. ఈల ఊదాడు.

లాఠీ పడితే మొదట నొప్పి తెలియదు, చప్పుడు తెలుస్తుంది. కాశమ్మ నా పక్కనే పడుకుని ఉంది. ఆమె ముంజేయి విరిగిన చప్పుడు నాకు ఎండు కందికట్టె విరిచినట్టు వినపడింది. ఆమె అరవలేదు, విరిగిన చేతి మీదే పక్కకు దొర్లి దారి మూసింది. నా మూతి మీద ఒకటి పడింది. ముందు పళ్ళు రెండు నాలుక మీదికి వచ్చాయి.

అప్పుడు వచ్చాడు ఏబేలు. ఉడుపు వేసుకుని వచ్చాడు. ఛాతీ మీద రెక్కల గుర్తు, నెత్తిన టోపీ. ఆ గుడ్డను చూసి పోలీసులు ఆగుతారనుకున్నాడు పిచ్చినాయన. ఇన్‌స్పెక్టరు వాణ్ణి చూసి మడమలు కొట్టి సెల్యూటు చేశాడు. వేపచెట్టు నీడలో కుర్చీ వేయించాడు. సోడా కొట్టించి చేతికిచ్చాడు. వెనక లాఠీలు ఆడుతూనే ఉన్నాయి.

"ఎండలో ఎందుకొచ్చారు సార్? మీది ఈ ఊరేనా?"

"మా అక్క ఉంది అక్కడ."

"అయ్యో. ముందే చెప్పరాదా సార్." ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరే, ఆఫీసరుగారి అక్కను వదిలెయ్యండి."

"ఎవరు సార్ ఇందులో?" అన్నాడు ఒక కానిస్టేబులు, కాశమ్మ జుట్టు పట్టుకునే.

"చూపించండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు మర్యాదగా. "ఎవరో చూపిస్తే చాలు. ఆమె మీద దెబ్బ పడదు."

సోడా బుడ్డి పట్టుకుని నా తమ్ముడు మా అందరి వైపూ చూశాడు. దుమ్ములో పొర్లిన ఆడవాళ్ళం. అందరివీ ఒకే రంగు కోకలు, ఒకే రకం నెత్తురు. నేను నోట్లోని పళ్ళు ఉమ్మేసి, "ఆ టోపీవాడెవడో నాకు తెలవదు" అన్నాను.

ఏబేలు బుడ్డి కింద పెట్టాడు. టోపీ తీసి కుర్చీలో పెట్టాడు. గుండీలు విప్పి చొక్కా కుర్చీ వీపుకు తగిలించాడు. వచ్చి నా పక్కన దుమ్ములో పడుకున్నాడు. వాళ్ళు వాణ్ణి కొట్టలేదు. వాణ్ణి దాటుకుని వచ్చి మమ్మల్ని కొట్టారు. వాడు లేచి లేచి అడ్డం పడేవాడు. వాళ్ళు ఆఫీసరుగారిని జాగ్రత్తగా పక్కకు తప్పించి, మళ్ళీ మమ్మల్ని కొట్టేవాళ్ళు. అంతకంటే వాడి చర్మం ఒలిచినా బాగుండేది.

ఆ రోజు బండ్లు గుంతలోకి పోలేకపోయాయి. చీకటి పడుతోందని వెనక్కి మళ్ళారు. సోమవారం వ్యాను ముందు పెట్టుకుని వస్తాం, అడ్డం పడుకుంటే తొక్కించుకుంటూ పోతాం అని ఇన్‌స్పెక్టరు చెప్పి మరీ పోయాడు.

ఆదివారం మిషను గుడి బయట కోటయ్య మాట్లాడాడు. ప్రార్థన అయిపోయింది, మనుషులు ఇంకా కదల్లేదు. పెద్దగుంతకు పోయే దారి రెండు రద్దు దిబ్బల మధ్య నుంచి పోతుంది. పనికిరాని రాయంతా పోసి పోసి అవి గుట్టలంత పెరిగాయి.

"ఎడం దిబ్బ మొదట్లో మందు పెట్టినామంటే మొత్తం దారి మీదికి వస్తాది," అన్నాడు కోటయ్య. "వ్యాను పలకైపోతాది. చట్రం బిగిచ్చుకోని అమ్ముకోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు. కాశమ్మ వెదురుబద్దలు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని, "దారి మూసేదానికా, మనుషుల్ని మూసేదానికా?" అని మాత్రం అడిగింది.

"దారిలో ఉండేటోళ్ళని," అన్నాను నేను.

"కింద దాక్కునే నీకు మలుపు అవతల కనపడదు కోటయ్య మామా," అన్నాడు ఏబేలు. అంతసేపూ గోడకు ఆనుకుని నేల చూస్తున్నవాడు. "వ్యాను యాడికొచ్చిందో తెలవకుండా అంటిస్తే మందు వృథా. పైన ఒకరుండాల. నేను దిబ్బెక్కి చూస్తా. సరిగ్గా దిబ్బ కిందికి వచ్చేముందు చెయ్యి దించుతా."

"నీ కొత్త ఉద్యోగమేగా," అన్నాను.

"అవునక్కా," అన్నాడు వాడు. "అదే."

సోమవారం పొద్దు బారెడెక్కింది. ఏబేలు కుడి దిబ్బ కొసన పలక ముక్కల్లో బోర్లా పడుకున్నాడు. ఎడం దిబ్బ మొదట్లో మందు బిగించి ఉంది. మేం రాళ్ళ వెనక చేరాం. మార్కాపురం వైపు దుమ్ము లేచింది. వ్యానే. ఇంజను చప్పుడు కూడా అందింది. కోటయ్య అగ్గిపుల్ల తీశాడు, గీయలేదు. గొంతు తగ్గించి, "కాశమ్మా" అన్నాడు.

"ఇప్పుడు కూడా పిలుపేంది మామా. వచ్చేస్తన్నారు," అన్నాను.

"ఇప్పుడే గదా కావాల్సింది. దీని కోసమేగా పళ్ళు రాలగొట్టుకున్నావు. కాశమ్మా."

"ఉన్నా."

ఒక్కొక్కరినే పిలిచాడు. రాళ్ళ వెనక నుంచి ఒక్కొక్కరే పలికారు. నన్ను పిలిచాడు, పలికాను. ఆఖర్న తల పైకెత్తి, "ఏబేలూ" అన్నాడు.

"ఉన్నా" అని దిబ్బ మీద నుంచి వచ్చింది. చిన్నప్పుడు రద్దు మోసిన రోజుల తర్వాత ఆ గుంతలో వాడి పేరు వినపడటం మళ్ళీ అప్పుడే.

అందరూ ఉన్నారు. పిలుపు నిండింది. మా తాతల కాలం నుంచీ పిలుపు నిండితే ఎవరికీ ఏమీ కాదు. మా ఒళ్ళు అట్లా నమ్ముకుని పెరిగింది.

దిబ్బ మీద వాడి కుడిచెయ్యి లేచింది. తువ్వాలు పట్టుకుని ఉంది. నిలబడింది. దిగింది.

కోటయ్య పొట్టి వత్తి అంటించి పరిగెత్తాడు. నేల అదిరింది. ఎడం దిబ్బ ఒకసారి ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, జారింది. నల్లటి నీళ్ళలా జారింది. వ్యాను ముందు సగం దాని కిందికి పోయింది. వెనక సగం పైకి లేచి నిలిచింది.

మేం కేకలు పెడుతూ లేచాం. వెనక తలుపు తెరుచుకుని కానిస్టేబుళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకడి కాలు మోకాలి దగ్గర అడ్డదిడ్డంగా వేలాడుతోంది. పలక ముక్కను బల్లపరుపుగా విసిరితే కత్తిలా పోతుంది. మా చేతులకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఒకడి చెంప చీలి దవడ బయటపడటం నేను చూశాను. విసిరింది నేనే. ఇంకోటి ఎత్తాను.

వాళ్ళు తిరిగి తుపాకులు అందుకోలేదు. ముందు వైపు పాకుతూ పోయి చేతులతో రాయి తవ్వుతున్నారు. "డ్రైవరు, డ్రైవరు" అని అరుస్తున్నారు. చెంప చీలినవాడు కూడా తవ్వుతున్నాడు.

పోలీసు డ్రైవరు కోసం పోలీసులు అట్లా ఏడవటం ఏమిటని నాకు అనిపించింది. ఎత్తిన పలక చేతిలో ఉండగానే దగ్గరికి పోయాను. రాళ్ళ సందులోంచి ఒక చెయ్యి బయటికి ఉంది. గోళ్ళ సందుల్లో బొగ్గు ఉంది.

"మా డ్రైవరుకు వడదెబ్బ తగిలింది," అన్నాడు కాలు విరిగినవాడు. ఎవరితో చెబుతున్నాడో వాడికే తెలియడం లేదు. "లారీ ఎట్లాగూ ఇవ్వలా, నువ్వన్నా రా అని పొద్దున్నే ఈ సాయిబును ఇంట్లోంచి ఈడ్చుకొచ్చాం. నేను రానురానని కాళ్ళు పట్టుకున్నాడు."

మేం కూడా తవ్వాం. పోలీసులూ మేమూ పక్కపక్కనే తవ్వాం. వహాబన్నకు గుండె మీద స్టీరింగు చక్రం ఒత్తుకుపోయింది. ముఖం బాగానే ఉంది.

ఏబేలు దిబ్బ దిగి వచ్చాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. ఆ చేతిని చూశాడు, ముఖం చూడక్కర్లేకపోయింది.

"పొద్దున లారీ చూసినా అక్కా," అన్నాడు. "చక్రాలు లేకుండా ఇంటి ముందే ఉండాది. అన్న ఇంట్లో ఉండాడనుకున్నా."

నేను వహాబన్న ముఖం మీది దుమ్ము కొంగుతో తుడిచాను.

"వ్యాను టాపే కనపడింది," అన్నాడు. "పైనుంచి టాపే కనపడుద్ది."

ఆ సాయంత్రం రిజర్వు పోలీసులు మా పల్లెకు వచ్చారు. గడ్డివాముతో మొదలుపెట్టి గుడిసెలు అంటించారు. కోళ్ళను కూడా బూటుకాళ్ళతో తొక్కి చంపారు. దొరికిన మగవాళ్ళను వేపచెట్టుకు కట్టి కొట్టారు. కోటయ్య నల్లమల ఎక్కాడు, తర్వాత ఎవరూ చూడలేదు. ఇంత చేసి, ఇన్‌స్పెక్టరు మాత్రం కోర్టుకు పోలేదు. ఊళ్ళో సాయిబును బలవంతంగా తెచ్చి బండి ఎక్కించిన సంగతి బయటికొస్తే వాడి బెల్టు ఊడుతుంది. సర్కారు లెక్కలో రద్దు దిబ్బ తనంతట తనే జారింది.

అంటే ఏబేలును అడిగేవాడు లేడు. ఉడుపు తొడుక్కుని దేవలాలీ రైలెక్కితే సరిపోతుంది.

"పో," అన్నాను నేను. కాలిపోయిన ఇంట్లో బూడిద ఎత్తుతున్నాను. "నిన్ను ఎవురూ చూళ్ళా. మనోళ్ళు చెప్పరు."

"వదినకి ఎవురు చెప్తారు?"

"ఎందుకు చెప్పాల? చెప్తే వహాబన్న లేస్తాడా? సమ్మె పోతాది. మళ్ళీ ఇంకో అంకన్న గంపలో పైకొస్తాడు."

"ఇన్ని ఊళ్ళ మీద ఎగిరినా," అన్నాడు. "ఒక్క ఇంట్లోకి కూడా తలుపు తీసుకోని పోలేదక్కా."

వాడి వెనకే నేనూ పోయాను. ఆపడానికే పోయాను. జులేఖా గడువులో ఉంది, వాళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషి గడువు తీరేదాకా ఇల్లు దాటదు. లోపలి వాకిట్లో కూర్చుని బొగ్గు కొడుతోంది. లారీ నడిచేది లేదు, బొగ్గు అడిగేవాళ్ళు లేరు. ఉన్న బస్తాలన్నీ విప్పుకుని కొడుతోంది. చుట్టూ నిమ్మకాయంత ముక్కల గుట్టలు.

"వదినా," అన్నాడు.

"దిబ్బ జారిందంట గదా," అంది ఆమె తలెత్తకుండా. "పోలీసాయన వచ్చి చెప్పిపోయినాడు."

"జారలా. మేమే పేల్చినాం. బండి దిబ్బ కిందికి వస్తందని పైనుంచి చెయ్యి దించింది నేను."

సుత్తి ఆగింది. ఆమె వాడి వైపు కాదు, నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"చూసే దించినావా?"

"చూసినా. అన్న కనపడలా."

ఇంట్లో చుట్టాలెవరో అన్నం వారుస్తున్నారు. గంజి వాసన వచ్చింది. జులేఖా కొంగుతో ముఖం తుడుచుకుంది. ముఖమంతా నల్లగా అయింది.

"ఏ చేత్తో?" అంది.

వాడు కుడిచెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో వంకాయ చూసినట్టు. బండ మీద ఉన్న బొగ్గును అరచేత్తో కిందికి తోసింది.

"ఇక్కడ పెట్టు."

పెట్టాడు. నేను లేచాను. "కూచో అక్కా," అన్నాడు వాడు, నా వైపు చూడకుండానే.

ఆమె కోపంగా కొట్టలేదు. అదే నాకు ఇప్పటికీ అరగదు. బొగ్గు కొట్టినట్టే కొట్టింది. పెద్ద ముక్క చిన్న ముక్కలు కావాలి గదా, ఎక్కడ కొడితే విరుగుతుందో చూసుకుని అట్లా కొట్టింది. మొదటి దెబ్బకు వాడి నోట్లోంచి గాలి వచ్చింది. తర్వాత పెదవి కొరుక్కున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఒక్కొక్క వేలూ అయ్యాక ఆమె సుత్తి పక్కన పెట్టి, నెత్తి మీది గుడ్డ అంచు చింపి నా మీదికి విసిరింది.

"కట్టుకోని తీసకపో."

మేం గడప దాటేసరికి మళ్ళీ సుత్తి చప్పుడు మొదలైంది.

అయినా వాడు దేవలాలీ పోయాడు. రమ్మన్నవాళ్ళకు ముఖం చూపించకుండా ఎగ్గొట్టకూడదన్నాడు. చెయ్యి ఎట్లా అయిందని డాక్టర్లు అడిగారట. "బొగ్గు కొడతంటే" అన్నాడట. విమానం కాదు గదా, ఎడ్లబండి పగ్గం కూడా ఆ చేతిలో నిలవదని ఇంటికి పంపేశారు. ఇటు ఆ దళం లేదు, అటు ఈ దళం లేదు. వచ్చి కాలిపోయిన గుడిసెకు బోదగడ్డి కప్పాడు, ఎడమచేత్తో.

తొలకరి పడేముందు గుత్తేదారు దిగివచ్చాడు. దిబ్బలున్న దారిన బండి తోలడానికి ఏ కూలీ ఒప్పుకోలేదు, ఏ పోలీసూ ముందు నడవలేదు. పిలుపు లేకుండా వత్తి అంటించబోమని అందరి ముందూ అన్నాడు. గెలిచాం. ఆ మాట ఒకసారి చెప్పి వదిలేస్తున్నాను.

కోటయ్య లేడు గనక పిలవడానికి మనిషి కావాలి. ఉలి పట్టలేని చెయ్యి, గట్టి గొంతు, గట్టు మీద నిలబడితే మూలమూలా కనపడే కళ్ళు. ఏబేలునే పెట్టాం. వాడు మాత్రం గట్టు మీద నుంచి పిలిచేవాడు కాదు. ముందు గుంతలోకి దిగి, బండబండ వెనకా తొంగి చూసి, అప్పుడు ఎక్కేవాడు.

గడువు తీరాక జులేఖా పనిలోకి వచ్చింది. సుత్తికి అలవాటు పడిన చెయ్యి, ఉలి తొందరగానే పట్టుబడింది. ఆమె వచ్చిన రోజు నడిపొద్దున మందు పెట్టారు. అందరం గుంత ఎక్కి రాళ్ళ వెనక చేరాం. ఆమె నా పక్కనే, కాశమ్మ ఆ పక్కన. ఏబేలు వేళ్ళు వంకర్లు పోయిన చెయ్యి కడుపుకు ఆనించుకుని పిలుస్తున్నాడు. కాశమ్మ పలికింది. నేను పలికాను. అందరూ పలికారు.

"జులేఖా వదినా," అన్నాడు.

ఆమె పలకలేదు.

మళ్ళీ పిలిచాడు. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్న రాయిని చూస్తూ కూర్చుంది. కొత్త మందుమనిషి అగ్గిపెట్టె పట్టుకుని వాడి ముఖం చూస్తున్నాడు. ఏబేలు గుంతలోకి దిగాడు. అడుగు దాకా పోయి, బండల సందులు వెతికి, రొప్పుతూ పైకి వచ్చాడు. మళ్ళీ పిలిచాడు. గొంతు బొంగురు పోయింది.

"పలకవేందమ్మా," అంది కాశమ్మ చిన్నగా. "మందు కాడ సరసాలొద్దు."

"పలుకుతాలే," అంది జులేఖా. "ఆయన్ని ఎవురూ పిలవలేదు గదా. నన్ను కాసేపు పిలవనీ."

గుంత గుంతంతా కూర్చుని ఉంది. గుత్తేదారు మనుషులు గొడుగుల కింద చికాకు పడుతున్నారు. ఒక్కడికీ తొందరపెట్టే ధైర్యం లేదు. నా తమ్ముడు పిలుస్తూనే ఉన్నాడు. వదినా అన్నాడు, జులేఖా వదినా అన్నాడు, పలకమన్నాడు. ఆకాశంలో ఎగిరి వచ్చినవాడు గుంత గట్టున నిలబడి, ఒక్క మనిషి ఎక్కడుందో తెలియక పిలుస్తున్నాడు.

వాడి గొంతు ఇంక రాదనుకున్నప్పుడు ఆమె చీర దులుపుకుని లేచి నిలబడింది, వాడికి కనపడేటట్టు.

"ఉన్నా," అంది.